ఊరు చూస్తామని చుట్టాలొస్తే: కోనసీమ పల్లెను రెండు రోజుల్లో చూపించడం ఎలా

ఆఫీసు స్నేహితులు నలుగురు మొదటిసారి మా ఊరు వచ్చినప్పుడు వాళ్ళని ఒక్క రోజులో ఏడు గుళ్ళు తిప్పాను. ప్రతి గుడి దగ్గరా చెప్పులు విప్పడం, ప్రసాదం, ఫోటో, మళ్ళీ కారు. తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాటాక వెనక సీట్లోంచి ఒకాయన ఆవలిస్తూ, "ఇంతకీ మీ ఊళ్ళో ఏం పండుతుందండీ?" అన్నాడు. రోజంతా కొబ్బరితోటల మధ్యే తిరిగిన మనిషి అడిగిన ప్రశ్న అది. తప్పు ఆయనది కాదు, నాది. గుళ్ళు చూపించాను గానీ ఊరు చూపించలేదు.

మాది అంబాజీపేటకి దగ్గర్లో ఒక పల్లె. ఆ తర్వాత చాలామందిని తీసుకెళ్ళాను. అమెరికాలో పుట్టిన మేనకోడళ్ళు, కరీంనగర్ నుంచి వచ్చిన వియ్యాలవారు, ఒకసారి కొబ్బరి తోట అంటే కేరళలోదే అనుకునే ఢిల్లీ అబ్బాయి. పడీ లేచీ నేర్చుకున్న పద్ధతి ఇది. మీ సొంతూరు కోనసీమ అయితే ఉన్నదున్నట్టు వాడుకోండి. వేరే చోటయితే పేర్లు మార్చుకోండి, వరస మాత్రం మార్చకండి. ముందు నీళ్ళు, తర్వాత పంట, ఆ తర్వాత తిండి, చివర్లో గుళ్ళూ గోపురాలూ. మీది వరంగల్ వైపు చెరువు కింద ఊరైతే చెరువు కట్ట మీద మొదలుపెట్టండి. అనంతపురం అయితే బోరు దగ్గర. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలిస్తే మిగతాది సగం దానంతట అదే అర్థమవుతుంది.

ఏ నెలలో రమ్మనాలి

"ఎప్పుడైనా రండి" అనకండి. మర్యాదకి అన్న మాట నిజమై, కాలువలు కట్టేసిన మే నెలలో దిగుతారు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, ఏప్రిల్ దాటుతుండగా మరమ్మతుల కోసం కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. జూన్‌లో మళ్ళీ వదిలేదాకా కాలువ గర్భంలో ప్లాస్టిక్ సీసాలు, గుర్రపుడెక్క తప్ప ఏమీ కనపడవు. అయితే మే నెలకి తాటిముంజలున్నాయి, మామిడిపళ్ళున్నాయి. పిల్లలకి సెలవులు అప్పుడే కాబట్టి తప్పనప్పుడు అవి చూపించి నెట్టుకురావచ్చు.

జూన్, జూలైలో సార్వా (మొదటి పంట వరి) దమ్ములు, ఊడ్పులు, అంటే బురద దున్ని నాట్లు వేయడం. బురదకి భయపడని వాళ్ళయితే ఇంతకంటే మంచి సమయం లేదు. ఆగస్టులో గోదావరికి ఎర్రనీరు వస్తుంది, దాంతోపాటు పులస చేపా వస్తుంది, ఒక్కోసారి వరదా వస్తుంది. లంక ఊళ్ళలో, అంటే నది మధ్య దిబ్బల మీది ఊళ్ళలో చుట్టాలుంటే ఆ నెలలో ఎవరినీ పిలవకండి. నవంబరు చివర నుంచి డిసెంబరు దాకా సార్వా కోతలు, తేగలు, ఉదయాన్నే మంచు. నా ఓటు దీనికే. కాకపోతే అది తుపాన్ల కాలం కూడా. 1996 నవంబరు 6 రాత్రి గురించి మా దగ్గర ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. వాతావరణ శాఖ ఏం చెబుతోందో చూసుకున్నాకే టికెట్లు తీయమనండి.

ఇక సంక్రాంతి. అందరూ అడిగేది అదే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం (వెదురు ప్రభల మీద దేవుళ్ళు వచ్చే జాతర) చూడాలంటే సంక్రాంతికే రావాలి, వేరే దారి లేదు. కానీ ఆ మూడు రోజులూ ఇంట్లో మంచాలు చాలవు, రోడ్డు మీద కారు కదలదు, మీకు అతిథి పక్కన కూర్చునే తీరిక ఉండదు. తీర్థం చూపించాలనుకుంటే తీర్థం ఒక్కటే చూపించండి, తోటలూ పొలాలూ ఇంకో రాకకి ఉంచండి.

వాళ్ళు బయల్దేరక ముందు చేయాల్సినవి

అమలాపురానికి రైలు లేదు. రాజమండ్రిలో దింపి అక్కణ్ణుంచి కారులో తెచ్చుకోవాలి. శనివారం మాత్రం వద్దు. వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కులతో వచ్చే జనానికి రావులపాలెం చుట్టుపక్కల ట్రాఫిక్ ఎక్కడికక్కడ ఆగిపోతుంది. గంటన్నరలో ఇంటికి చేరాల్సిన వాళ్ళు మూడు గంటలు కూర్చుని, చిరాకుతో దిగుతారు.

ఇంట్లో ముందుగా చూసుకోవాల్సింది బాత్రూమ్. పెంకుటిల్లు, అరుగు, పడక్కుర్చీ అన్నీ అందమే గానీ, రాత్రి పూట పెరట్లోకి టార్చి పట్టుకుని వెళ్ళాలంటే సిటీ వాళ్ళకి టెన్షన్. బల్బు మార్చండి, గడియ సరిగా పడుతోందో లేదో చూడండి. దోమతెరలు కట్టండి. కాలువ పక్క ఊళ్ళో దోమలుండవని ఎవరికీ మాట ఇవ్వకండి.

ఇంతకన్నా ముఖ్యమైంది, దింపు ఎప్పుడో కనుక్కోవడం. కొబ్బరి కాయలు దించడానికి నలభై అయిదు రోజులకో, రెండు నెలలకో ఒకసారి మనుషులు వస్తారు. ఆ రోజుకి అతిథులు ఊళ్ళో ఉండేలా తేదీలు కలపగలిగితే మీ పని మూడొంతులు అయిపోయినట్టే. మీ తోటలో కుదరకపోతే బాబాయిగారి తోటలోనో, పక్క వీధి వాళ్ళ తోటలోనో చెప్పిపెట్టుకోండి. మా ఊళ్ళో ఎవరూ కాదనరు, కాఫీ ఇచ్చి మరీ చూపిస్తారు.

మొదటి సాయంత్రం: నీళ్ళు

వచ్చిన రోజు ఎక్కడికీ పరిగెత్తించకండి. స్నానాలయ్యాక, ఎండ చల్లబడ్డాక, కాలువ గట్టుకి తీసుకెళ్ళండి. గట్టు మీద పుల్లతో మూడు గీతలు గీసి చెప్పేయొచ్చు. ధవళేశ్వరం దాటాక గోదావరి రెండుగా చీలుతుంది, తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ. వశిష్ఠలోంచి వైనతేయ ఇంకో పాయగా విడిపోతుంది. ఈ పాయలకీ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేలే కోనసీమ. నాలుగు వైపులా నీళ్ళే, అయినా ఒకప్పుడు పొలానికి నీళ్ళు లేవు. వరదొస్తే ముంచేది, పోతే ఎండేది.

ఇక్కడ కాటన్ దొర పేరు ఎత్తండి. ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852లో పూర్తయ్యాయి. ఆ కట్టకి ఒక వైపు నుంచి తూర్పు డెల్టాకి, ఇంకో వైపు నుంచి పశ్చిమ డెల్టాకి, మధ్యలో బొబ్బర్లంక దగ్గర నుంచి మా మధ్య డెల్టాకి కాలువలు తీశారు. అంతకు మించి చరిత్ర చెప్పకండి. వాళ్ళే అడుగుతారు, "మరి ఈ నీళ్ళు నది అవతలికి ఎలా వెళ్తాయి?" అని. అడగకపోయినా పర్లేదు, కారెక్కించి పి.గన్నవరం తీసుకెళ్ళండి.

గన్నవరం అక్విడెక్టు మా ప్రాంతంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. కింద వైనతేయ పారుతుంటే, దాని మీదుగా కాలువ నది దాటి నగరం లంక వైపు వెళ్తుంది. నది మీద నది. ఆనకట్ట కట్టిన ఆ రోజుల్లోనే 49 ఖానాలతో కట్టిన పాతది పక్కనే ఉంది. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ ఈ దగ్గర్లోనే లంకల గన్నవరంలో, వేళ కాని వేళ గోదావరి దాటి వచ్చిన వాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టిన ఇల్లాలు, 1909లో పోయారు. అన్నం పెట్టినావిడ పేరు నీళ్ళు మోసే కట్టడానికి పెట్టడం నాకెందుకో చాలా సబబుగా అనిపిస్తుంది.

సూర్యుడు దిగేవేళకి అక్కడుండేలా చూసుకోండి. పిల్లలుంటే చెయ్యి వదలకండి, పిట్టగోడ మీద కూర్చోనివ్వకండి.

రెండో రోజు పొద్దున: కొబ్బరి తోట

ఆరున్నరకల్లా తోటలో ఉండాలి. ఎండెక్కాక దింపు వాళ్ళు చెట్టెక్కరు, ఎక్కినా మాట్లాడే ఓపిక ఉండదు. టిఫిన్ తర్వాత చూసుకోవచ్చు, కాఫీ మాత్రం ఇచ్చి బయల్దేరదీయండి. కాళ్ళకి చెప్పులు కాదు, బూట్లు వేయించండి. ఎండుమట్టల కింద ఏముంటుందో చెప్పలేం.

అతిథుల్ని చెట్టు కింద నిలబెట్టకండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒకసారి మా మేనకోడలు వీడియో తీయడానికి సరిగ్గా మొదలు దగ్గరికి వెళ్ళింది. పైనుంచి, "ఆయ్, అటేపు జరగండి పాపగారూ, గెల కోత్తన్నా!" అని కేక. మేము చెయ్యి పట్టి లాగిన క్షణానికి ఆమె నిలబడిన చోట దబదబా పదిహేను కాయలు పడ్డాయి. తర్వాత ఆ పిల్ల గంటసేపు మాట్లాడలేదు. చెట్టు నీడ ఎంతవరకు పడుతుందో అంతకు రెట్టింపు దూరంలో నిలబడమనండి.

నిలబడ్డాక చూడాల్సింది కాయలు కాదు, ఎక్కే మనిషి. కాళ్ళకి బంధం, నడుముకి మోకు, వెనక కత్తి. నలభై యాభై అడుగుల చెట్టుని రెండు మూడు నిమిషాల్లో ఎక్కేస్తాడు. పైకి చేరాక వెంటనే కోయడు. ముందు ఒక కాయని కత్తి మడమతో తట్టి చప్పుడు వింటాడు. ముదిరిందీ లేనిదీ ఆ చప్పుడుతోనే తెలుస్తుంది. గెల దించాక ఎండిన మట్టలు నరికి, మొవ్వులోకి ఓసారి తొంగిచూస్తాడు, కొమ్ము పురుగు చేరిందేమోనని. కిందికి దిగాక చెట్టు సంగతి రైతుకి చెప్పేది అతనే. మీ అతిథుల చేత అతన్ని రెండు ప్రశ్నలు అడిగించండి, ఎన్నేళ్ళ నుంచి ఎక్కుతున్నావని ఒకటి, మీ అబ్బాయి ఎక్కుతాడా అని రెండోది. రెండో ప్రశ్నకి నేను విన్న ప్రతి జవాబూ "లేదండి" అనే. దింపు మనుషులు ఎందుకు దొరకడం లేదో మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

పువ్వు వేసిన గెల కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుందని, ఒకే చెట్టు మీద పువ్వు నుంచి ముదురు కాయ దాకా అన్ని వయసులూ ఒకేసారి ఉంటాయని చూపించండి. తలెత్తి పై నుంచి కిందికి లెక్కపెడితే ఏడాది మొత్తం కనిపిస్తుంది. బాగా చూసుకున్న దేశవాళీ చెట్టు ఏడాదికి వంద కాయలకి అటూ ఇటూగా ఇస్తుంది. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, 'గోదావరి గంగ' అనే సంకర రకం అక్కడ పుట్టిందే. మొక్కల మీద ఆసక్తి ఉన్నవాళ్ళయితే ఈ మాట పనికొస్తుంది.

కొబ్బరి చెట్ల నీడలో కోకో ఉంటే పిల్లల్ని అటు వదలండి. కొమ్మలకి కాకుండా చెట్టు బోదెకే అతుక్కుని పసుప్పచ్చగా వేలాడే కాయని చూసి, ఇదే చాక్లెట్ అంటే నమ్మరు. ఒక కాయ పగలగొట్టి లోపలి తెల్ల గుజ్జు చప్పరించమనండి, పుల్లపుల్లగా తియ్యగా ఉంటుంది. గింజ కొరికితే మాత్రం చేదు, మొహం అదోలా పెడతారు. చాక్లెట్ వాసన రావాలంటే ఆ గింజల్ని అయిదారు రోజులు మాగబెట్టి, ఎండబెట్టి, తర్వాత వేయించాలని అప్పుడు చెప్పండి. ముందే చెబితే సరదా పోతుంది.

తిరిగి వచ్చేముందు బొండాలు. లెక్క చూసుకోకుండా కొట్టించండి. తాగాక బొండాన్ని పగలగొట్టించి, దాని చెక్కనే చెంచాగా చేసి లేత కొబ్బరి తీసి తినడం నేర్పండి. పాత కాయల రాశిలో మొలకెత్తినవి ఉంటే ఒకటి చీల్చమనండి. లోపల బంతిలా ఉండే కొబ్బరి పువ్వు సిటీ పిల్లలకి ఐస్‌క్రీమ్ కంటే ఎక్కువ నచ్చుతుంది.

వరి చేను

దీనికి అరగంట చాలు, ఊడ్పులో కోతో జరుగుతుంటే గంట. గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడవాలి, గట్టు తొక్కి తెగ్గొట్టకూడదు. మొదటి పంట సార్వా, రెండోది దాళ్వా అని చెప్పండి. దాళ్వాలో ఎండ బాగా కాస్తుంది, తుపాన్ల భయం ఉండదు, అందుకే దిగుబడి ఎక్కువ. ధాన్యం లెక్క మా దగ్గర 75 కిలోల బస్తాల్లో. సార్వాలో ఎక్కువగా వేసే స్వర్ణని రైతులు 7029 అనే నంబరుతోనే పిలుస్తారు. పడమటి గోదావరిలోని మారుటేరు పరిశోధన స్థానం ఇచ్చిన రకం అది.

దాచకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. చేలో కనిపించే రైతు చాలాసార్లు భూమి యజమాని కాదు, కౌలుదారు. కౌలు కూడా బస్తాల్లోనే. పంట పోయినా, నిలిచినా ముందు యజమాని బస్తాలు కొలవాలి. నేను కూడా అలా బస్తాలు తీసుకునే ఇంటివాణ్ణే, అందుకని మా చేనుకి తీసుకెళ్ళినప్పుడు "ఇది మాది" అని ఊరుకోకుండా, చేసే మనిషిని పిలిచి పరిచయం చేస్తాను. ఫోటోల దగ్గర కూడా ఇదే సంగతి. నడుము వంచి ఊడుస్తున్న ఆడవాళ్ళని అడక్కుండా వెనక నుంచి ఫోటో తీయడం బాగోదు. అడిగితే నవ్వి, కొంగు సర్దుకుని, "మమ్మల్నేం తీత్తారండి, మీరూ దిగండి చేలోకి" అంటారు. దిగమనండి. పది మొక్కలు నాటేసరికి నడుము పట్టేసి గట్టెక్కుతారు, కూలి డబ్బులు ఎక్కువైపోయాయనే మాట మళ్ళీ వాళ్ళ నోట రాదు.

అంబాజీపేట మార్కెట్

తోటలో చూసిన కాయ ఎక్కడికి పోతుందో చూపించకపోతే కథ సగంలో ఆగినట్టే. అంబాజీపేట చుట్టుపక్కల ఏ కొబ్బరి కొట్టులోకైనా తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళండి. ముందు ఒలుపు. నేలలో నిలువుగా పాతిన గునపం మొన మీద కాయని గుచ్చి, మూడు మెలికలు తిప్పేసరికి డొక్క విడిపోతుంది. చూస్తే తేలిక. మీ అతిథి ప్రయత్నిస్తానంటే గునపం దగ్గరికి రానివ్వకండి, కంటికీ చేతికీ ప్రమాదం.

ధర వెయ్యి కాయలకి చెబుతారు, ఒక్కోటికి కాదు. పచ్చికాయకి ఒక ధర, కురిడీకి ఇంకో ధర. కురిడీ అంటే ఏమిటో చూపించడం నాకు భలే ఇష్టం. ఒలవని కాయల్ని అటకల మీద నెలల తరబడి నిల్వ ఉంచుతారు. లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి ఎండి, చిప్ప నుంచి విడిపోతుంది. ఒక కాయ తీసి అతిథి చెవి దగ్గర ఊపండి. లోపల గుండు కదిలినట్టు గటగట చప్పుడు. కొట్టు వాళ్ళు వందల కాయల్ని అలా చప్పుడుతోనే వేరు చేస్తారు. ఈ గుండు కొబ్బరి ఉత్తరాది రాష్ట్రాలకి లారీల్లో వెళ్తుంది, అక్కడి పండగలూ పెళ్ళిళ్ళూ బాగుంటే ఇక్కడ ధర బాగుంటుంది. ఢిల్లీ అబ్బాయి దాన్ని చూసి, "మా అమ్మమ్మ పూజలో పెట్టే గోలా ఇదే" అన్నాడు. అప్పటిదాకా కోనసీమ అతనికి ఫోటోల్లో ఊరు.

కాయలో పారేసేదేమీ లేదని కూడా అక్కడే చూపించొచ్చు. డొక్క పీచుకి, చిప్ప బొగ్గుకి, మట్ట పొయ్యికి, ఈనె చీపురుకి.

తిండి: రెండు పూటలు ఆలోచించి పెట్టండి

అన్నీ ఒకే రోజు వండేసి విస్తరి నింపేయకండి. మా అమ్మ అదే చేస్తుంది, ఎంత చెప్పినా వినదు. పొద్దున పొట్టిక్కలు పెట్టండి. పనసాకులతో కుట్టిన బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించేవి, అంబాజీపేట వైపు వీటికి పేరు. ఆకు వాసన పిండికి పడుతుంది, అందుకే బుట్టతో సహా విస్తట్లో పెట్టి అక్కడే విప్పుకోమనాలి. పక్కన కొబ్బరి పచ్చడి. మధ్యాహ్నం పనసపొట్టు కూర, ఆవ పెట్టి. కంద బచ్చలి ఉంటే ఇంకా మంచిది. తేగల కాలమైతే సాయంత్రానికి ఒక కట్ట కాల్పించండి. నార తీసి మధ్యకి చీల్చి, లోపలి చందమామని పిల్లలకి ఇవ్వండి.

పులస అడుగుతారు, తప్పదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత వాళ్ళూ విన్నారు. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస, వరద రోజుల్లో గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదాక పులస. జూలై నుంచి సెప్టెంబరు దాకానే దొరుకుతుంది, కిలో వేలల్లో ఉంటుంది. మిగతా రోజుల్లో ఎవరైనా పులస అని అమ్మితే అది వేరే రాష్ట్రం నుంచి ఐసులో వచ్చిన విలస అయి ఉంటుంది. సీజన్ కాకపోతే లేదని చెప్పి, కొరమేనో రొయ్యలో పెట్టండి. సీజన్ అయితే ముందురోజు రాత్రే మట్టి దాకలో పులుసు పెట్టించి మర్నాడు వడ్డించండి. ముళ్ళు చాలా ఎక్కువ, పిల్లలకి మాత్రం వద్దు.

పూతరేకులు కొనిపెట్టడం వేరు, చేయడం చూపించడం వేరు. ఆత్రేయపురంలో ఇంటింటా చేస్తారు, 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ, కింద మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ. గుడ్డని కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. రెండు మూడు సెకన్లలో అంచు లేస్తుంది. ఆవిడ ఆ అంచు పట్టుకుని రేకు మొత్తం ఒలిచినప్పుడు, దాని అవతల ఆవిడ ముఖం కనిపిస్తుంది. అంత పల్చన. ఫ్యాను వేయరు, రేకు ఎగిరిపోతుందని. ఆ ఉక్కలో, పొగలో రోజంతా కూర్చునే పని అది. కొనేటప్పుడు పెట్టె మీద పది రూపాయలకి బేరం ఆడకుండా ఉండడానికి ఈ చూడడం ఒక్కటే మందు.

ఇప్పుడు గుళ్ళు, చూసే చోట్లు

రోజుకి రెండు, అంతకు మించి వద్దు. పూతరేకులకి ఆత్రేయపురం వెళ్ళిన పూటే ర్యాలి కలపండి. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందు వైపు విష్ణువు, వెనక వైపు మోహిని, ఒకే నల్లరాతిలో. వెనక్కి తీసుకెళ్ళి చూపిస్తూ పూజారిగారు దీపం పట్టుకుని వివరాలు చెబుతారు, జడ ముడి నుంచి మడమ దాకా. భక్తి లేని వాళ్ళు కూడా నోరు తెరుచుకుని చూస్తారు.

అంతర్వేది ఒక పూట మొత్తం తీసుకుంటుంది. లక్ష్మీనరసింహస్వామి గుడి, లైట్‌హౌస్, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి లక్షల్లో జనం, చిన్నపిల్లలతో ఆ రోజు వద్దు. మామూలు రోజుల్లో వెళ్ళి, వచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించండి. కార్లూ బైకులూ మనుషులూ గేదెలూ ఒకే పంటు మీద నరసాపురం వైపు దాటడం, గుడి కంటే ఎక్కువ గుర్తుంటుందని మా మేనకోడళ్ళు తేల్చేశారు.

దిండి హౌస్‌బోటు డబ్బున్నవాళ్ళకి బాగుంటుంది. నాకు అంత మోజు లేదు, రేవులో పడవ వాణ్ణి అడిగితే అదే నది చవగ్గా కనిపిస్తుంది. చేనేత ఇష్టమైతే అమలాపురం పక్కన బండారులంకలో మగ్గాలు చూపించండి.

కనుమకి వచ్చినవాళ్ళని మధ్యాహ్నానికే జగ్గన్నతోట చేర్చండి. 11 ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు వెదురు ప్రభల మీద ఆ కొబ్బరితోటకి వస్తారు. అన్నిటికంటే ముందు చూడాల్సింది గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటడం. పీకల్లోతు నీళ్ళలో, తలకి మించిన ప్రభని భుజాల మీద ఎత్తి, ఒరగనివ్వకుండా ఆ గట్టుకి చేరుస్తారు. గట్టు మీద మంచి చోటు కావాలంటే ఒంటిగంటకే వెళ్ళి నిలబడాలి, మంచినీళ్ళు వెంట పెట్టుకోండి. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ తీర్థమే.

బాగోలేనివి కూడా

అతిథి దగ్గర ఊరి పరువు తీయడం ఎందుకని మా బాబాయి అంటాడు. నేను ఒప్పుకోను. గుర్రపుడెక్కతో పూడిన మురుగు కాలువ పక్కనుంచే కారు వెళ్తుంది, చూడనట్టు ఎలా నటిస్తాం? పంట కాలువ నీళ్ళు తెస్తుంది, మురుగు కాలువ తీసుకెళ్తుంది. రెండోది పూడితే నాలుగు రోజుల వానకే చేను చెరువవుతుంది. మురుగు బాగుచేయక, ధర రాక, ఖర్చులు పెరిగి 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. నీళ్ళున్న డెల్టాలో నాట్లు మానేశారంటే దేశమంతా ఆశ్చర్యపోయింది. సముద్రం వైపు వెళ్తుంటే వరి చేల మధ్య రొయ్యల చెరువులు కనిపిస్తాయి. తెల్లగా నురగ కొడుతూ, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుంటాయి. పక్క చేలో ఉప్పు చేరుతోందని గొడవ పడే రైతూ, చెరువు తవ్వి అప్పు తీర్చిన రైతూ ఒకే వీధిలో ఉంటారు. ఇద్దరి మాటా వినిపించండి, తీర్పు మీరివ్వకండి.

సాగనంపడం

కాయలు ఇవ్వకుండా ఎవరూ పంపరు. ఒలిపించేటప్పుడు జుట్టు పూర్తిగా తీయించకండి. కళ్ళ మీద పీచు పిలక ఉంటే కాయ వారాల తరబడి పాడవదు, తీసేస్తే తొందరగా నెర్రె ఇస్తుంది. రైల్లో వెళ్ళేవాళ్ళకి గోనెసంచిలో పదిహేను కాయలు, అడుగున అరటి గెలలోంచి రెండు పచ్చి అత్తాలు. కర్పూరం అరటి అయితే ఇల్లు చేరేసరికి పండుతుంది.

విమానంలో వెళ్ళేవాళ్ళకి కురిడీ, ఎండుకొబ్బరి ఇవ్వకండి. నూనె ఎక్కువ కాబట్టి మండే సరుకు కింద లెక్కేసి ఆపేస్తారు. ఒకసారి మా వియ్యపురాలుగారి సూట్‌కేసు రాజమండ్రి ఎయిర్‌పోర్టులో విప్పించి, అన్ని కాయలూ బయట పెట్టించారు. ఆవిడ వాటిని కారు డ్రైవరుకి ఇచ్చి, "మళ్ళీ మీ ఊరు తీసుకెళ్ళి అక్కయ్యగారికి ఇచ్చెయ్, వచ్చే ఏడు వచ్చి ఇక్కడే తింటాం" అని ఫోన్ చేసింది. పూతరేకుల పెట్టె మాత్రం సూట్‌కేసులో కాదు, చేతిలో పట్టుకోమనండి. కింద పెడితే పిండే మిగిలేది.